సున్నం రాసిన ఆకు

నా పెళ్లయిన మాశి నెలలో, చలి తగ్గి ఎండ మొదలయ్యే ఆ రోజుల్లో, మా అరవదేశపు ఉడుమలైపేట అంతా తెల్లగా ఉండేది. చేలల్లో దూది, బండ్ల మీద దూది, దారిపక్క తుమ్మముళ్లకు తగులుకొన్న దూది. మదురై నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన తంగం జడలో కూడా దూదే. పొద్దున్నే మల్లెపూలు పెట్టుకొని గిడ్డంగి వాకిట్లోకి వచ్చేది. మధ్యాహ్నానికి ఏది పువ్వో ఏది దూదో తెలిసేది కాదు. ఏరి పెడతానని నేను దగ్గరికి పోయేవాణ్ణి.

"అది పువ్వు, విడవండి" అనేది.

"చూడనీ, చూస్తే కదా తెలిసేది" అనేవాణ్ణి.

"ఆమా, ఎఫ్.ఏ. చదివినవాళ్లకు పువ్వు తెలియదు పావం!"

"అవును" అనేదాన్ని "ఆమా" అనే ఆమె మదురై వాళ్ల యాస వినడానికే నేను రోజుకు ఎన్నిసార్లు ఎన్ని తెలివితక్కువ మాటలు మాట్లాడానో. అప్పటికీ ఇప్పటికీ మధ్య గడిచింది రెండు పంటలే. అయినా ఆ వేసవిని తలచుకొంటే ఎంతో దూరాన దీపాలు పెట్టుకొని వెలుగుతున్న ఊరిలాగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ వేసవి దాకా మా ఇల్లు ఒక తీరు, ఆ తర్వాత ఒక తీరు.

మా నైన కోదండరామ నాయుడు దూది వ్యాపారి. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ పంటంతా తెచ్చి మా గిడ్డంగిలో పోసి, "నాయుడి చేతిలో పెట్టినాము" అని ఇంటికి పోయి నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు. ఆ దూదిని గింజ తీయించి, మూటలు కట్టించి, పొల్లాచ్చి మీదుగా పోత్తనూరు రైలు స్టేషనుకు చేర్చేదాకా పూచీ ఆయనది. వేసవి నడుమ వచ్చే చిత్తిరై వానలు పడేలోపల దూది రైలెక్కాలి. తడిస్తే పచ్చబడి, పుచ్చు వాసన కొడుతుంది. దాన్ని మదరాసులో ఎవరూ చేత్తో తాకరు. అట్లా ఒక్క ఏడు జరిగితే చాలు, మరుసటి ఏడు మా వాకిట్లో ఒక్క రైతు బండి ఆగదు.

ఆ భయమో ఏమో, నైన ఏ పనినీ ఎవరి చేతికీ వదిలేవాడు కాదు. తూకం ఆయనదే, మూట బిగింపు ఆయనదే, ఏ ఎద్దు ఏ బండికి అనేది కూడా ఆయనే చెప్పాలి. మనుషులకు కొదవ లేదు. మేస్త్రీ అప్పసామి నేను పుట్టకముందు నుంచీ మా దగ్గర ఉన్నాడు. గింజ తీసే ఆడవాళ్ల మీద పెద్ద రామక్కాళ్. అయినా ఎవరేం అడిగినా నైన నోట ఒకటే మాట: "నువ్వు చూస్తా ఉండు, నేను వస్తా."

జనం అదే చేసేవాళ్లు. చూస్తూ ఉండేవాళ్లు. ఒకసారి మూట మూతి పగిలి దూది వాకిలంతా ఎగిరిపోతుంటే ఇద్దరు మనుషులు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నారు.

"ఏమిరా, శుమ్మా ఊరికే చూస్తా ఉండారు?" అని నైన కేకవేశాడు.

"మీరే కదయ్యా, చూస్తా ఉండమన్నారు!"

చిత్తిరైకి ముందు వచ్చే పంగుని నెల చివర, మూటలు వంకరగా పేర్చారని తానే కుప్ప మీదికి ఎక్కి సర్దబోయి, నైన కిందికి జారాడు. కాలు విరిగింది. కట్టు కట్టే వైద్యుడు వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొన పూసి, గుడ్డ చుట్టి, "మూడు నెలలు, ఆడి నెల దాకా ఈ కాలు నేలను తగలకూడదు" అన్నాడు.

"ఆడి దాకానా! చిత్తిరై వాన నా కాలి కోసం నిలుస్తాదా?" అని నైన ఆయన మీద ఎగిరాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమిరా రాజూ, మీ మదరాసు కాలేజీలో కాలు విరిగితే ఏం చెయ్యాలో చెప్పిచ్చినారా?"

"గ్రీకు రాజుల చరిత్ర చెప్పినారు నైనా."

"వాళ్లకెవురికీ కాళ్లు విరగలేదా?"

"విరిగితే సేనాపతిని పంపేవాళ్లు."

"అందుకే ఒక్కడూ మిగల్లేదు" అన్నాడు.

నులక మంచాన్ని తిన్నెమీద వేయించుకొన్నాడు. అక్కణ్ణుంచి గిడ్డంగి సగం కనిపిస్తుంది. కనిపించని సగం కోసం జనం మంచం దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మూటకు ఏ తాడు వెయ్యాలి, ఈ దూదిని ఆ దూదిలో కలపవచ్చునా, మధ్యాహ్నం కూడు ఎప్పుడు? మంచం నుంచి గిడ్డంగి దాకా వరస. ఆ వరస కదలదు, కదలకపోతే లోపల పని కదలదు. నైన గొంతు పోయింది. అమ్మ శొంఠి కషాయం తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టి, "మొగుడు తిరణాలలో దేవుడై కూర్చున్నాడు, నేను కూడా వరసలోనే రావల్లనా?" అని పోయింది.

రామక్కాళ్ అయితే ఏకంగా చిన్న పీట తెచ్చుకొని వరసలో కూర్చుంది.

"ఎందుకక్కా పీట?" అన్నాను.

"నా వంతు వచ్చేసరికి పొద్దు గూకుతాది సామీ. నిలబడి ముసలిదాన్ని అయ్యేదానికంటే కూర్చొని అయితే నడుము మిగులుతాది" అంది.

"నేను చూసుకొంటాను నైనా, నన్ను పంపండి" అని ఒకసారి నేను అన్నాను కూడా.

"నిన్ను పంపితే నిన్ను చూసుకొనేదానికి అప్పసామిని పంపల్ల" అన్నాడు. తలుపు వెనక తంగం గాజులు గలగలమన్నాయి. నవ్వుతోందని తెలిసి నాకు కోపం రావలసింది, సంతోషం వచ్చింది.

మా ఇళ్లల్లో కోడలు మామతో ఎదురుగా మాట్లాడదు. చెప్పవలసింది ఉంటే తలుపు వెనక నిలబడి అత్తతో చెబుతుంది, మామకు వినపడేటంత గట్టిగా. ఆ రోజు సాయంత్రం తంగం అట్లాగే అమ్మతో అంది.

"అత్తా, మీ ఇంట్లో పని అప్పగించేదానికి ఆకు ఇయ్యరా?"

"ఏ ఆకే?"

"తమలపాకు. మా ఊళ్లో మా తాత అయినా, నైన అయినా, ఎవురికి పని అప్పగిస్తే వాళ్లకు ఆకూ వక్కా చేతికిస్తారు. ఆకు తీసుకొన్నవాడిదే పని. ముగించి వచ్చేదాకా ఇచ్చినవాళ్లు వెనక పోయి అడగరు. అడిగితే నోట్లో ఆకు ఉమ్మమన్నట్టు. వాళ్లకు అవమానం."

తిన్నె మీద నుంచి దగ్గు వినిపించింది. కొంచెం ఆగి, "ఆకు చుట్టేది ఎవురికి బాగా వస్తాదో కనుక్కో" అన్నాడు నైన, గోడతో చెప్పినట్టు.

మర్నాడు పొద్దున తంగం ఇత్తడి తట్టలో ఆకులు తుడిచి, ఈనెలు తీసి పేర్చింది. నేను పక్కన కూర్చొని ఒకటి చుట్టబోతే చించాను. "విడవండి, ఆకు కూడా మీ చేతికి లొంగదా" అని లాక్కొంది. ఆ చేతికి ఆకు పసరు అంటింది. నా ముక్కుకూ అంటింది, ఎట్లా అంటిందో నేను చెప్పను.

అప్పటికి బండ్లు నిండి వాకిట్లో వరసగా ఉన్నాయి. పోత్తనూరుకు పోవలసిన మొదటి తడవ అది. ఎప్పుడూ నైనే ముందు బండిలో కూర్చుని పోయేవాడు. ఈసారి అప్పసామి తలపాగా తీసి చంకలో పెట్టుకొని మంచం ముందు నిలబడ్డాడు. నైన తట్టలోంచి రెండు ఆకులు, వక్క తీసి చేతికిచ్చాడు. అప్పసామి రెండు చేతులా అందుకొన్నాడు. అందుకొని అట్లాగే నిలబడ్డాడు.

"ఏం?"

"సున్నం అయ్యా."

నైన సున్నపు డబ్బీ మొలలో ఉంటుంది. ఎవరికైనా సున్నం కావాలంటే ఆయనను అడగాలి, ఆయన రోజూ ఇట్లా అనేవాడు: "కావాలంటే వచ్చి అడుగు, ఇస్తా." ఆ రోజు కూడా అలవాటుగా అదే అన్నాడు.

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "పోత్తనూరు నుంచి వచ్చి అడగల్లనా అయ్యా?" అంది రామక్కాళ్.

తలుపు వెనక నుంచి మెల్లగా, అత్తతో: "అత్తా, సున్నం లేకుండా ఆకిస్తే నోరు పండదు కదా."

నైన మొలలోంచి డబ్బీ తీశాడు. మూత తిప్పాడు. తన వేలితో సున్నం తీసి ఆకు మీద రాసి, మడిచి, అప్పసామి చేతిలో పెట్టాడు.

"దూది తడవకుండా రైలెక్కల్ల. నాకు కావలసింది అదే" అన్నాడు.

"దారిలో ఏమన్నా అయితే?"

"నువ్వు చూస్తా..." నైన నోరు మూసుకొన్నాడు. మళ్లీ తెరిచాడు. "నువ్వు చూసి చెయ్యి."

అప్పసామి ఆకు నోట్లో పెట్టుకొన్నాడు. ఆ మాట మళ్లీ చెప్పమంటాడేమో అనుకొన్నాను. చెప్పమనలేదు. తలపాగా చుట్టుకొని, ముందు బండి ఎక్కి, ఎద్దుల తోకలు తాకాడు. బండ్లన్నీ వీధి మలుపు తిరిగేదాకా నైన మంచం మీదనే లేచి కూర్చొని చూశాడు.

ఆ తర్వాత మాకు ఒక కొత్త కష్టం వచ్చింది. మా నైనకు పని లేకపోవడం.

"పొల్లాచ్చి దిక్కునుంచి ఎవురైనా వచ్చినారా?" అని దారిన పోయే ప్రతి ఒక్కణ్ణీ అడిగేవాడు. ఏ ఏడైనా దారిలో బండి ఇరుసు కిర్రుమంటే చాలు, ఒక మనిషి ముందు బండిలోని నైన దగ్గరికి పరుగెత్తుకొని వచ్చి ఏం చెయ్యాలని అడిగేవాడు. ఈసారి ఇంటికి ఎవరూ రాలేదు. మొదట నైన, "చూసినారా, నేను చెప్పినట్టే పోతా ఉంది" అని మీసం దువ్వాడు. తర్వాత, "ఒక్క మాట అడిగేదానికి కూడా నేను పనికి రానా?" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనకుండా పడమటి ఆకాశం చూస్తూ పడుకొన్నాడు.

పడమర నల్లగా ఉంది. పొల్లాచ్చి మీద అప్పటికే పడుతోందని చూస్తేనే తెలుస్తోంది. మధ్యాహ్నం గాలి లేచింది, కొబ్బరి మట్టలు విరిగి పడ్డాయి, మా వాకిట్లో పెద్ద పెద్ద చినుకులు దుమ్ములో గుంటలు చేశాయి.

"రాజూ, బండి కట్టు" అన్నాడు నైన.

కట్టాను. తంగం పెరుగన్నం మూట, తాటాకు గొడుగు తెచ్చి ఇచ్చింది. మూట ఇచ్చేటప్పుడు నా చిటికెన వేలు పట్టుకొని విడిచింది. పెళ్లయినప్పటినుంచి ఒక్క రోజు కూడా ఆమెను విడిచి ఉండలేదు నేను.

"అప్పసామికి ఏం చెప్పమంటారు నైనా?"

"బండ్లను వెనక్కి తిప్పమను. కాదు. కిణత్తుకడవులో ఆపి..." నైన ఆగిపోయాడు. బండ్లు పొల్లాచ్చి అవతలి కిణత్తుకడవు దాటాయో, పొల్లాచ్చిలోనే ఉన్నాయో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. తెలిసినవాడు బండ్ల దగ్గర ఉన్నాడు.

వాన పెద్దదైంది. నైన నా వైపు చూడలేదు. బండికి కట్టిన వలపటి ఎద్దు వైపు చూశాడు.

"ఆ ఎద్దుకు దాహంగా ఉన్నట్టుంది. విప్పు. నీళ్లు పెట్టు."

"అది ఇప్పుడే తాగింది నైనా."

"మళ్లీ పెట్టు."

విప్పాను. ఎద్దు నీళ్ల తొట్టి వాసన చూసి తల తిప్పుకొంది. నైన గోడ వైపు తిరిగి పడుకొన్నాడు. అమ్మ పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చొంది.

నేనూ తంగమూ బండి కొట్టంలో, విప్పిన బండి కాడి మీద కూర్చొని ఆ పెరుగన్నం తిన్నాం. ఆమె మాగాయ మరిచిపోలేదు. కొట్టం చూరు నుంచి నీళ్లు మా ముందు తెర కట్టినట్టు పడుతున్నాయి. ఇంటిల్లిపాదీ దూది కోసం దిగులుపడుతున్న ఆ పూట నేను అంత సంతోషంగా ఉండడం తప్పేమో. "దూది తడిసి ఉంటాదా?" అని ఆమె అడిగితే, "తెలియదు" అన్నాను. ఇద్దరం చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు అట్లాగే కూర్చున్నాం.

అప్పసామి ఎండ బాగా వచ్చిన ఒక ఉదయం తిరిగి వచ్చాడు. బండ్లు ఖాళీగా ఉన్నాయి, చక్రాలు నడిమి కుండల దాకా బురదగా ఉన్నాయి. ఊళ్లో రైతులు పని విడిచి మా వాకిట్లోకి చేరారు. ఎవరూ అడగలేదు. అందరూ నైన ముఖం చూశారు.

నైన గొంతు సవరించుకొన్నాడు. "తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను అయ్యా. దూది రైలెక్కింది."

రైతుల్లో ఒక పెద్దాయన అక్కడే గొంతుక్కూర్చొని తలపాగాతో ముఖం తుడుచుకొన్నాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది. అప్పసామి గుక్కగుక్కకూ ఆగి చెప్పాడు.

"పొల్లాచ్చి చేరేసరికి మబ్బు కమ్ముకొని వచ్చింది. ఇంకొక మైలు పోతే నడిదారిలో తడుస్తాము. అందుకని ఊళ్లోనే కొబ్బరి కొట్టంలో దించేసినాను."

"ఎవురి కొట్టం?"

అప్పసామి చెంబు కింద పెట్టాడు. "కరుప్పుసామి గారిది."

పొల్లాచ్చిలో కొబ్బరి వ్యాపారి కరుప్పుసామి ఎప్పుడో సంతలో నలుగురి ముందు, "నాయుడి దూదికన్నా నా కొబ్బరి పీచు మెత్తన" అన్నాడు. ఆనాటి నుంచి మా బండ్లు పొల్లాచ్చిలో ఎద్దులకు నీళ్లు పెట్టడానికి కూడా ఆగేవి కావు. అది నైన ఉత్తరువు.

"నువ్వు పొయ్యి అడిగినావా?"

"అడిగినాను. మీరు పంపినారని చెప్పినా."

"నేను పంపినానా?"

"ఆకిచ్చింది మీరే కదయ్యా. నేను వేరే ఎవురి పేరు చెప్పేది?"

నైన దవడ కదిలింది. "వాడేమన్నాడు?"

"ఆయన కొంచెంసేపు నన్ను పైకీ కిందికీ చూసినారు. అప్పురం లోపలికి తిరిగి, ‘ఒరేయ్, పీచు పక్కకు జరపండి, నాయుడి దూది వస్తా ఉంది’ అన్నారు."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అప్పసామి ఇంకా చెప్పాడు. అన్నిటికీ వెనక నడిచిన కడాసి బండిలో కింది మూటలకు తడి తగిలింది. వాటిని మంచి మూటలతో కలపలేదు. కొట్టంలోనే విప్పి ఆరబెట్టించి, రెండో తడవ పోయేటప్పుడు చూసి తీసుకొందామని అక్కడే ఉంచాడు. అది ఎవరి దూదో వాళ్లకు ఇప్పుడే చెప్పేస్తానన్నాడు.

"నేనైతే..." అని నైన మొదలుపెట్టాడు. ఆయన వెదురు బద్దల కాలు వైపు చూసుకొన్నాడు. "నేనైతే పొల్లాచ్చిలో ఆపి ఉండను" అన్నాడు. "అంతా తడిసిపోయి ఉంటాది."

అంతే. దాని గురించి ఆయన ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. రెండో తడవ బండ్లు కట్టినప్పుడు మాత్రం కరుప్పుసామికి ఇమ్మని ఉడుమలైపేట బెల్లం ఒక బుట్ట ముందు బండిలో పెట్టించాడు. బుట్ట మీద మా దూదిలో అన్నిటికన్నా మెత్తనిది ఒక పిడికెడు ఉంచాడు, పీచుతో పోల్చి చూసుకొమ్మని.

గింజ తీసే కొట్టం రామక్కాళ్‌కు ఇచ్చాడు. ఆమె రెండు ఆకులు చాలవని మూడు అడిగి తీసుకొంది. తూకం నాకు ఇచ్చాడు. తంగం ఆ రోజంతా నన్ను "తూకం నాయుడుగారూ" అని పిలిచింది. మంచం ముందు వరస కరిగిపోయింది. చిత్తిరై పోయి వైగాసి వచ్చేసరికి గిడ్డంగి ఖాళీ అయి నేల కనిపించింది.

ఆ తర్వాత ఒక పొద్దున అప్పసామి ఎప్పటిలాగే వచ్చి, "ఈ పొద్దు పని ఏమయ్యా?" అని అడిగాడు.

"అన్నీ మీరే చేస్తా ఉంటే నన్నడుగుతావేమి? నువ్వే చెప్పు. నాకేం పని?"

వేళాకోళానికి అన్నాడు. అప్పసామికి వేళాకోళం తెలియదు. మీసం మీద వేలు పెట్టుకొని నిజంగానే ఆలోచించాడు.

"ఎద్దులకని దూది గింజలు వాకిట్లో ఆరబోసినాము. మేకలు వస్తా ఉండాయి. మంచం ఆ నీడకు వేయిస్తాను, మీరు చూసుకోండి అయ్యా."

నైన ఒక క్షణం అప్పసామి వైపు చూశాడు. "సరి, కర్ర ఒకటి ఇయ్యి" అన్నాడు.

ఆ రోజు మా అమ్మ చింతపండు తీసుకొని వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుని గింజ తీసింది. పట్టపగలు వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఏవేవో పాత సంగతులు, ఎవరి పెళ్లిలోనో పాయసం మాడిన కథ. తంగం నన్ను గోడ చాటుకు లాగి, "చూడండి, చూడండి" అని చూపించింది. అంతలో ఒక మేక నక్కి నక్కి గింజల దగ్గరికి వస్తుంటే నేను తోలబోయాను.

నైన కర్ర మేక మీద కాదు, నా మీద ఎత్తాడు. "నువ్వెందుకు వచ్చినావు? ఇది నాకు అప్పగించిన పని. పో!"

పొద్దు గూకే వేళ అప్పసామి గింజలు ఎత్తించడానికి మనుషులను తీసుకొని వచ్చాడు. నేరుగా గంపలు అందుకొన్నాడు. నైన ఊరుకోలేకపోయాడు.

"మేక ఒక్కటి నోరు పెట్టలేదు" అన్నాడు. "పొద్దున్నుంచి ఒక్కసారైనా వచ్చి చూడలేదే నువ్వు?"

"చూసేదేముందయ్యా" అన్నాడు అప్పసామి గంప ఎత్తుతూ. "మీరు ఉండారు కదా."

మా నైన ముఖం అవతలికి తిప్పుకొన్నాడు. అమ్మ చింతపండు బుట్ట ఒడిలోనే పెట్టుకొని ఆయన వైపు చూస్తూ కూర్చుంది, దీపాలు పెట్టే వేళయినా లేవలేదు.